మాయమైన ప్యాకెట్ల లెక్క

ఆ రోజుల్లో కంప్యూటర్ తప్పు చెప్పదని నాకు గట్టి నమ్మకం. నేను రాసిన ప్రోగ్రామ్ అసలే చెప్పదని ఇంకా గట్టి నమ్మకం. (ఇరవై మూడేళ్ల వయసులో నమ్మకాలకు కొదవేముంది!) రాంగోపాల్‌పేట్‌లో చీరల దుకాణం పైనున్న చిన్న కంపెనీలో చేరిన రెండో నెలలో, నెట్‌వర్క్ కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్‌లో, వచ్చిన డేటా ప్యాకెట్లను లెక్కబెట్టే భాగం నాకు అప్పగించారు. ప్యాకెట్ రాగానే అంకెకు ఒకటి కలపాలి, అంతే. ఒక్క లైను రాసి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. ఒకటే ప్రాసెసర్ ఉన్న నా పాత మెషీన్‌లో లెక్క సరిపోయింది. కొత్తగా తెప్పించిన రెండు ప్రాసెసర్ల మెషీన్‌లో మాత్రం లక్ష ప్యాకెట్లు పంపితే కొన్ని తగ్గేవి. అదీ ఒకసారి తగ్గినన్ని ఇంకోసారి కాదు. మర్నాడే కస్టమర్ వస్తున్నాడు, నా ఉద్యోగమా ఇంకా ఖాయం కాలేదు. కేబుల్ మార్చాను, కార్డు మార్చాను, (చెప్పుకోవడానికి సిగ్గేగానీ) కార్డుకు బొట్టు కూడా పెట్టాను.

మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చే మా సీనియర్ మేడమ్ ఆ బొట్టు చూసి నవ్వలేదు. "ఏందీ, గింత పరేషాన్ అయితున్నవ్?" అంటూ నన్నూ, పక్క సీటు లంబూనీ (ఆరడుగుల పైమాటే) పిలిచి, బోర్డు మీద ఏడు అని రాశారు. "చూసిన్రా? ఇగ అటు తిరిగి, మనసుల ఒకటి కలిపి, వచ్చి రాయున్రి." నేను ఏడు తుడిచి ఎనిమిది రాశాను. లంబూ నా ఎనిమిదిని తుడిచి తన ఎనిమిది రాశాడు.

"ఇద్దరు కలిపిన్రు గదా, తొమ్మిది ఏది?" అన్నారు మేడమ్.

రెప్ప వాల్చేలోగా లక్షల పనులు చేసే ఆ డబ్బాలో, రెండు ప్రాసెసర్లు ఒకే అంకెను ఒకేసారి చూసి, ఒకదాని రాతను ఇంకొకటి తుడిచేస్తున్నాయన్నమాట! ఏ కంటికీ కనిపించని ఆ క్షణాన్ని ఈవిడ రెండు మార్కర్లతో పట్టుకున్నారు.

"ఒకటి రాసేదాకా ఇంకొకటి ఆగేట్టు తాళం వేస్తాను మేడమ్."

"ప్రతి ప్యాకెట్‌కు ఆగితే బండి నడుస్తదా? ఏ ప్రాసెసర్ లెక్క దానికియ్యి. ఎవరన్న అడిగినప్పుడు రెండు కలిపి చెప్పు."

అలాగే రాశాను. లక్ష పంపాను. లక్షా వచ్చాయి. "ఇంకోసారి చూడు భయ్," అన్నాడు లంబూ గుసగుసగా. మళ్లీ లక్షే. ఇద్దరం చేతులు కట్టుకుని, నోళ్లు తెరుచుకుని ఆ తెర ముందు నిలబడిపోయాం. (మర్నాడు కస్టమర్ ఆ అంకె వైపు చూడనేలేదు, ఏసీ ఎక్కువైందన్నాడు.)

ఆ తర్వాత ఎన్నో పెద్ద మెషీన్లు చూశాను. అయినా కార్డుకు బొట్టు పెట్టిన ఆ అమాయకుణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. ఇప్పుడు నా లెక్కలన్నీ మొదటిసారే సరిపోతున్నాయి. అప్పటిలా నోరే తెరుచుకోవడం లేదు.