దుబాయిలో అవ్వ నడుముసంచి

ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంటు మెట్లు దిగుతుంటే, ఎవరింట్లోనో మాంసం కూరకు గసగసాలు వేయిస్తున్న వాసన ఎదురవుతుంది. మొదట ఎండుగడ్డిలా పలచగా మొదలై, గింజ వేడెక్కి రంగు తిరిగే క్షణంలో పాలు మరిగినంత కమ్మగా మారే ఆ వాసనకు ఇతరుల నోళ్ళు ఊరుతాయి. నా అరచేతులు మాత్రం చల్లబడతాయి. తూకపు యంత్రాల, ఉష్ణమాపకాల తప్పొప్పులు సరిచూసే ప్రయోగశాలలో పనిచేసేదాన్ని కనుక, ప్రతి తేడాకూ కారణం వెతకడం నాకు అలవాటు. ఈ చలువకు మాత్రం వెతకవలసిన పని లేదు. నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, వేసవి సెలవుల్లో, మా కుటుంబం దుబాయి చూడబోయింది.

మాది గద్వాలలో చేనేత ఇల్లు. ముందుగదిలో రెండు గుంతమగ్గాలు, వాటి పక్కన రాట్నం, దూలానికి వేలాడే రంగు రంగుల పట్టుదారపు చిలపలు, గంజి ఆరుతున్న నూలు వాసన, పగలంతా పోగును మోస్తూ నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు. ఆ చప్పుడు ఆగితే మధ్యాహ్నం భోజనాల వేళ అయిందని పక్కింటివాళ్ళు కూడా పొయ్యి మీది నుంచి గిన్నె దించేవాళ్ళు. ఎండాకాలంలో నేల చల్లగా ఉండేది కనుక నేను మగ్గం గుంత అంచున పడుకుని, దారం చుట్టే ఖాళీ కండె బొంగులను రైలు పెట్టెల్లా వరుసగా నిలిపి ఆడుకునేదాన్ని. తాత, నాయన మగ్గాల మీద కూర్చునేవాళ్ళు. నాయన తల్లి, మేము అవ్వ అని పిలిచే ఆమె, రాట్నం దగ్గర కండెలు చుట్టేది.

అవ్వకు ఒక పద్ధతి ఉండేది. అంగట్లో ఏ వస్తువునూ పేరు పెట్టి అడిగేది కాదు. మగ్గానికి దారం తక్కువైతే పాత పోగు ఒకటి తెంపి తీసుకుపోయి, దుకాణదారు ముందు అరచేతిలో పరిచి, 'గిదే గావాలె' అనేది. చెప్పుకుంటే ఎరుపులు వంద, చూపిస్తే ఒక్కటే అన్నది నేతపనిలో ఆమె నేర్చుకున్న లెక్క. పప్పుకైనా, చింతపండుకైనా, చెప్పుల వారుకైనా అదే పద్ధతి. ఆ నమూనాలన్నీ నడుముకు దోపుకున్న సంచిలో ఉండేవి. మగ్గం మీద మిగిలిన ముక్కతో తానే కుట్టుకున్న ఆ సంచిలో వక్కలు, బీచుపల్లి ఆంజనేయుని సిందూరం పొట్లం, పిన్నీసులు, వాటితోపాటు వేరే మూటగా గసగసాలు ఉండేవి. మా ఇంట్లో వాటిని గసాలనేవాళ్ళం. అవి కూరకు కాదు, నాకు. చిన్నప్పుడు నా కడుపు ఊరికే చెడేది. వేయించిన గసాలు చక్కెరతో నూరి నాలుక మీద పెడితే పూటలో కట్టుకునేది. అందుకే నేను ఎక్కడికి పోతే ఆ మూట అక్కడికి వచ్చేది.

అమ్మ తమ్ముడు శీనుమామ దుబాయిలో పెద్ద భవనాలకు చల్లగాలి గొట్టాలు బిగించే పనిలో ఉండేవాడు. ఆ ఏడు పెళ్ళిళ్ళ కాలంలో మా చీరలు బాగా పోయాయి. మామ పట్టుబట్టి పిలిచాడు. మగ్గం మీద సగంలో ఉన్న చీరను వదలలేక తాత ఆగిపోయాడు. అమ్మ సజ్జరొట్టెలు, పల్లీల పొడి, నువ్వుల ముద్దలు సర్దింది. హైదరాబాదు విమానాశ్రయంలో అవ్వ కాళ్ళ వెండి కడియాలకు యంత్రం కూసింది, తనిఖీ చేసే ఆమె కడియాలు చూసి, నడుముసంచి విప్పి చూసి, గసాల మూట మూసి చేతిలో పెట్టి, "మాంసంలకా అవ్వా?" అని నవ్వి పంపించింది. అక్కడ అది నవ్వదగిన విషయమే.

దుబాయిని చూసి మొదటి రోజు నేను ముచ్చటపడలేదు, భయపడ్డాను. గద్వాల ఎండ పొడిగా చర్మాన్ని కాలుస్తుంది. అక్కడి ఎండ సముద్రపు తేమతో కలిసి తడిగుడ్డలా ముక్కుకు అడ్డం పడుతుంది. బయట నుంచి తలుపు దాటి లోపలికి అడుగుపెడితే పళ్ళు కొట్టుకునేంత చలి. నేల అద్దంలా ఉండేది. నడుస్తుంటే తలకిందులుగా ఇంకో నేను నా పాదాలకు అంటుకుని నడిచేది. గోడ బదులు అద్దం, అద్దం వెనక నీరు, నీటిలో నా తల మీదుగా ఈదే సొరచేపలు. కదిలే మెట్ల దగ్గర అవ్వ చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పైకెత్తి, మామ భుజం పట్టుకుని, "గిదేందిరా, మగ్గం పడుగు లెక్క మనిషిని చుట్టుకపోతుంది!" అని అరిచింది. ఆ వింతలకూ, అరబ్బు రొట్టెల్లో చుట్టిన మాంసానికీ, మంచుగడ్డల పానీయానికీ నా కడుపు రెండో రోజే తిరగబడింది. మామ ఇంటి వంటగదిలో అవ్వ గసాలు వేయించి, నూరి, నా నాలుక మీద పెట్టింది. కడుపు కట్టుకుంది. మూట మాత్రం సగమైంది.

మర్నాడు ఉదయం మామ మమ్మల్ని వాగులాంటి సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పాత మసాలాల బజారుకు తీసుకుపోయాడు. సందు పొడవునా నోళ్ళు విప్పిన గోనెసంచులు; ఎండిన గులాబీ మొగ్గలు, నల్లగా ముడుచుకున్న నిమ్మకాయలు, దాల్చినచెక్క కట్టలు, పసుపు, కుంకుమపువ్వు. దుబాయిలో అవ్వ ముఖం విప్పారడం అప్పుడే చూశాను. ఎందుకంటే అది ఆమెకు తెలిసిన లోకం. నాయన, మామ వెనక ఎవరితోనో మాట్లాడుతుండగా ఆమె ఒక దుకాణం ముందు ఆగింది. నెరిసిన గడ్డంతో ఉన్న కేరళ పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అవ్వ నడుముసంచి తీసి, మూట విప్పి, తన పద్ధతిలో అరచేతిలో గసాలు పరిచి, వచ్చిన రెండు ఉర్దూ ముక్కల్లో అడిగింది.

"భయ్యా, యే హై క్యా? గిదే గావాలె, మంచిది."

ఆ మనిషి గింజలను చూశాడు. ముఖంలోంచి రక్తం దిగిపోవడమంటే ఏమిటో నేను అప్పుడు చూశాను. లేచి, సందుకు అటూ ఇటూ చూసి, మాకు అడ్డంగా నిలబడ్డాడు.

"అందర్ రఖో అమ్మా. జల్దీ. కిసీ కో మత్ దిఖావ్," అన్నాడు. లోపల పెట్టు, ఎవరికీ చూపించకు అని. నాయన, మామ పరుగున వచ్చారు. దుకాణదారు మామ చెవిలో ఏదో చెప్పాడు. మామ అవ్వ పిడికిలి మూసి, రెక్క పట్టుకుని, సందు దాటించి, పడవల రేవు పక్కన నీడలో ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆయన చెవుల వెనక నుంచి చెమట ధారగా కారుతోంది.

"అత్తా, గీడ గసాలు మత్తుమందు లెక్క. దొరికితే జైలే. మనిషిని విడువరు. నా కొలువు గూడ పోతది."

"ఏంది? గసాలకా?" అవ్వ నవ్వింది. "నాతోని పరాచికాలా అల్లుడా?"

మామ నవ్వలేదు. అది చూసి నాయన కూడా నవ్వడం మానేశాడు.

"నీళ్ళల్ల పారెయ్యి శీనూ, అయిపాయె," అన్నాడు.

"గింజలు తేల్తయి బావా. మీదికెళ్ళి కెమెరాలు జూస్తుంటయి. చెత్తడబ్బ కాడ గూడ ఉంటయి. జర ఆగుండ్రి, ఆలోచన జెయ్యనీయుండ్రి."

రేవులో చెక్క పడవలు వస్తున్నాయి, పోతున్నాయి. దూరాన ఆకుపచ్చ గీత ఉన్న తెల్ల కారు ఒకటి మెల్లగా వచ్చి, ఎండలో ఆగింది. "పోలీసులు," అన్నాడు మామ, పెదవులు కదపకుండా. అమ్మ నన్ను ఒడిలోకి లాక్కుంది. ఆ కారులోంచి ఒక మనిషి దిగి, మా వైపు కాకుండా నీటి వైపు నడిచాడు. మేము ఊపిరి తీసుకునేలోపలే అవ్వ మూట విప్పి, అరచేయి నోటి దగ్గర పెట్టి, గసాలన్నీ బుక్కింది.

ఒక్క గింజ కింద పడనివ్వలేదు. తిండిగింజను పారేయడం మా ఇంట్లో లేదు. మగ్గం దగ్గర తెగిన పోగును కూడా ఆమె ముడివేసి దాచేది. దవడలు ఆడించి, నీళ్ళు లేకుండానే మింగి, మూట గుడ్డను దులిపి, నాలుకతో వేళ్ళు తుడిచి, "ఇగ లేవు. ఎవ్వడేం జూస్తడో జూడనీ," అంది. నాయన ఊపిరి వదిలి, తల కొట్టుకుని నవ్వాడు.

మామ మాత్రం తెల్లబోయి చూస్తున్నాడు. "అయ్యో అత్తా, ఎంత పని జేస్తివి. అనుమానం వస్తే ఈళ్ళు నెత్తురు పరీక్ష జేస్తరు. గసాలు తిన్నా దాంట్ల తెలుస్తదట."

అప్పుడే నా భయం నా లోపలికి దిగింది. అంతవరకూ అది అవ్వ చేతిలో ఉంది, పారేయగలిగినదిగా ఉంది. ఇప్పుడు అవ్వ ఒంట్లో ఉంది. నా ఒంట్లో కూడా ఉంది, ఎందుకంటే నిన్నటి మందు తిన్నది నేను. ఎన్నాళ్ళు ఉంటుందని మామను అడిగాను. "నాకు తెల్వదు బిడ్డా, నువ్వు జర సప్పుడు జెయ్యకు," అన్నాడు. ఇవాళ ఆ ప్రశ్నను నా పరికరాల భాషలో అడిగి ఉండేదాన్ని: ఎంత మోతాదు, ఎంత కాలం, ఏ యంత్రం ఎంత సన్నగా కొలవగలదు. అప్పుడు నాకు ఆ మాటలు లేవు.

మిగిలిన సెలవంతా మామ వేసుకున్న పథకం ప్రకారమే జరిగింది. ఉన్నట్టుండి ఇంట్లో దాక్కుంటే అనుమానం వస్తుందని ఆయన వాదన. ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం ఎక్కాం. చెవులు పూడుకుపోయే వేగంతో లిఫ్టు లేస్తుంటే నేను అంకెల వైపు కాక, మీట దగ్గర నిలబడ్డ యూనిఫారం మనిషి అవ్వను ఎన్నిసార్లు చూశాడో గమనించాను. కింద రోడ్లు మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగు పోగుల్లా కనిపిస్తున్నాయని నాయన మురిసిపోయాడు. సాయంత్రం పాటకు తగినట్టు ఎగిరే ఫౌంటెన్ల దగ్గర తుంపర ముఖం మీద పడితే నేను ఉలిక్కిపడి అవ్వ కొంగు పట్టుకున్నాను. ఇసుకతిన్నెల మీద కారు పల్టీ కొట్టేలా వంగినప్పుడు అందరూ కేకలు పెట్టారు; ఆ ఒక్క గంట నాకు ప్రాణం హాయిగా ఉంది, అక్కడ కెమెరాలు లేవు. బంగారం బజారులో అమ్మ గొలుసు ఎంచుకుంటుంటే, తలుపు దగ్గరి కాపలావాడికీ అవ్వకూ మధ్య నేను నిలబడ్డాను. "ఈ పిల్లకు బంగారం మీద మోజే లేదు," అని అమ్మ మామతో అంది. అవ్వ అన్నీ చూసింది, నవ్వింది, తాతకు అత్తరు కొంది. అయితే అత్తరు దుకాణంలో నమూనా ఏదీ తీయలేదు. వేలితో దూరం నుంచి చూపించింది. నిద్రలో ఆమె గట్టిగా ఊపిరి పీలిస్తే అది గసాల మత్తేమోనని నేను లేచి కూర్చునేదాన్ని.

తిరుగు ప్రయాణం రోజు మామ బయటి ద్వారం దగ్గరే ఆగిపోయాడు. నాయన మగవాళ్ళ వరుసలో, అమ్మ ఆడవాళ్ళ వరుసలో తనిఖీ దాటిపోయారు. అవ్వ తనిఖీ చట్రం కింద అడుగుపెట్టగానే యంత్రం కూసింది. అది కడియాల మోత అని నాకు తెలిసి ఉండాలి, హైదరాబాదులో విన్నదే. కాని అప్పుడు నా బుర్రలో అవ్వ నెత్తురులోని గసాలు తప్ప మరో కారణం లేదు. నల్లటి దుస్తుల్లో ఉన్న అధికారిణి వచ్చి, అవ్వను తెర వెనక్కి రమ్మని సైగ చేసింది. నేను అవ్వ చేయి వదలలేదు. అధికారిణి నన్నూ రానిచ్చింది.

తెర వెనక ఒక స్టూలు, ఒక బల్ల, తెల్లటి దీపం. అధికారిణి ఇంకా ఏమీ అడగలేదు. అవ్వ తనంతట తానే మట్టిగాజులు మోచేతి దాకా జరిపి, రవిక చేయి పైకి మడిచి, పిడికిలి బిగించి, నరం పైకి తేలేలా చేతిని చాచింది. గద్వాల దవాఖానలో సూది కోసం చాచినట్టే. ముఖం పక్కకు తిప్పుకుని, "పిల్లది ఏమెరుగదమ్మా. తిన్నది నేను," అంది, ఆ మనిషికి ఒక్క ముక్కా అర్థంకాని తెలుగులో.

అధికారిణి ఒక క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వింది. అవ్వ చేయి మెల్లగా తిప్పి, ఆకుపచ్చ గాజులను వేలితో తాకి, బాగున్నాయన్నట్టు తల ఊపింది. వంగి కడియాలు చూసింది, చేతి యంత్రం వాటి మీద తిప్పింది, తెర తీసి మాకు దారి చూపించింది.

విమానం లేచాక అవ్వ గాజులు ఒక్కొక్కటే మణికట్టుకు దించుకుంది. "మీ నాయినకు చెప్పకు బిడ్డా. నవ్వుతడు," అంది. లోపల ఏం జరిగిందని నాయన అడిగితే, "ఏమున్నది, గాజులు చూసింది," అని కిటికీ వైపు తిరిగింది. మర్నాటి నుంచి ఆమె నడుముకు సంచి లేదు. ఆ వానాకాలం నా కడుపు మళ్ళీ చెడితే, నన్ను తొలిసారి దవాఖానకు తీసుకుపొమ్మన్నది ఆమే.

ఇప్పుడు అవ్వ లేదు, తాత లేడు. మగ్గం గుంతలు పూడ్చి పైన టైల్సు వేశారు; ముందుగది మొబైళ్ళు బాగుచేసే కుర్రాడికి అద్దెకు పోయింది. శీనుమామ గల్ఫు వదిలి వచ్చి, మొన్న పాన్‌గల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం భోజనాల దగ్గర, ప్రతి శుభకార్యంలో చెప్పినట్టే, ఆ కథ చెప్పాడు. "పోలీసు కండ్ల ముందట గసాలు బుక్కింది మా అత్త! మళ్ళ ఎయిర్‌పోర్టుల ఏంజేసింది? పోలీసామెకు గాజులు చూపెట్టుకుంట వచ్చింది. భయమన్నది తెల్వదు ఆమెకు!" పందిరి కింద అందరూ పగలబడి నవ్వారు. చిన్నపిల్లలు మళ్ళీ చెప్పమన్నారు.

మామ నా వైపు తిరిగి, "నువ్వు గూడ ఉంటివి గద తెర ఎన్క? నిజమేనా కాదా చెప్పు," అన్నాడు.

"నిజమే మామా," అన్నాను. "గాజులే చూసింది."