దంచని నేల

మా పెదనాన్నగారు పోయారని మొన్న సోమవారం పొద్దున్న ఫోన్ వచ్చింది. పాలు దింపి, స్టవ్ ఆపి, వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాను. మా ఇంట్లో నలుగురం. నలుగురం బతికి ఉన్నామంటే అది ఆయన చలవే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన సీలేరు ప్రాజెక్టులో మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. తర్వాత అరకులో తన ఇంటి వెనక గదిలో చిన్న ల్యాబు పెట్టుకున్నారు. ఆ గది ఎప్పుడూ చల్లగా, మసకగా ఉండేది. మెత్తటి బంకమట్టిని గొట్టాల్లోకి కదలకుండా తీసి, రెండు కొసలా మైనం పోసి, తడిగోనెల కింద వరసగా పడుకోబెట్టేవారు. లోపలికి వెళితే గొంతు తగ్గించమనేవారు.

“మట్టికి చెవులుంటాయేటి పెదనాన్నా?” అని నవ్వేదాన్ని.

“చెవుల్లేవు. ఒళ్లుంది. అదిరితే తెలుస్తాది,” అనేవారు.

అప్పట్లో మేము కొండవాలులో కొన్న చిన్న నేల చెక్కలో ఇల్లు కట్టాలనుకున్నాం. రాళ్లు దింపించాం, ముహూర్తం పెట్టించాం. పక్కనే కాఫీ తోట ఉన్న కొండ ఊరి ఆమె ఒక్క మాట అంది: “అమ్మా, ఆ చెక్కలో మేం రోలు పెట్టం. చోళ్లు దంచం. మా అత్త కూడా దంచనేదు.”

ఆ మాట పెదనాన్నగారికి నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. మర్నాడే గొట్టం పట్టుకుని వచ్చి మట్టి తీసుకెళ్లారు.

ఆయనకు చూపు తగ్గింది కనుక మట్టి బలం కొలిచే పరికరం మీద ముల్లు చదివే పని నాది. నాలుగు రెక్కల సన్నటి ఊచను మట్టిలో దింపి, పిడిని నెమ్మదిగా తిప్పారు. స్ప్రింగు మెలితిరుగుతుంటే ముల్లు జరుగుతుంది, మట్టి తెగినప్పుడు ఆగుతుంది. అరవై రెండు దగ్గర ఆగింది. మెత్తటి మట్టికి అది మంచి బలమేనన్నారు.

“అయితే కట్టుకోవచ్చు!”

“అంత బేగి ఎందుకే గుంటా? ఆగు. ఇప్పుడు దంచి చూద్దాం.”

అదే మట్టిని పాలిథిన్ సంచిలో వేసి నన్ను పిసకమన్నారు. చుక్క నీళ్లు కలపలేదు. గట్టి ముద్ద నా వేళ్ల మధ్య వదులైంది, కాసేపటికి మజ్జిగలా జారింది. సంచిలో దేనికో ప్రాణం పోతున్నట్టనిపించి చేతులు వెనక్కి తీసుకున్నాను. దాన్ని డబ్బాలో నింపి మళ్లీ పిడి తిప్పితే ముల్లు మూడు దాటలేదు. తప్పు చదివానేమోనని మళ్లీ మళ్లీ చూశాను.

“కదపకపోతే మోస్తాది. కదిపితే మింగేస్తాది,” అన్నారు. “ఆళ్లు రోలే పెట్టనేదు. నువ్వు పునాది దిమ్మిస కొట్టిస్తానంటన్నావు.”

ముహూర్తం తప్పించారన్న కోపంతో నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇల్లు మాత్రం అవతలి వాలులో, రాతినేల మీద కట్టుకున్నాం.

రెండేళ్లకు ఆ చెక్కకు పైన రోడ్డు వేయడానికి రోలరు వచ్చింది. వాన లేదు. మిట్టమధ్యాహ్నం, పెద్దగా చప్పుడైనా లేకుండా, ఆ చెక్క కిందికి జారిపోయింది. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

“పిల్లలేరి?”

“బడిలో ఉన్నారు.”

“కాఫీ తోట ఆవిడ?”

“ఊళ్లోనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు పెదనాన్నా.”

అప్పుడు గానీ ఆయన ఊపిరి వినిపించలేదు.

సాయంత్రానికి వచ్చారు. చెప్పానా అని అనలేదు. చెప్పులు విడిచి, నేల తెగిన అంచుకు దూరంగా నా పక్కన నిలబడ్డారు. సిల్వర్ ఓక్ చెట్టొకటి మిరియాల తీగతో సహా దిగిపోయి, నలభై అడుగుల కింద నిటారుగా నిలబడి ఉంది. కొమ్మల్లో గూడు చెదరలేదు. నోట పురుగుతో పిట్ట వచ్చి, చెట్టు ఇంతకుముందున్న చోట, ఖాళీ గాలిలో తిరుగుతోంది. పిల్లల గది వేద్దామనుకున్న చోటు అది.

పెదనాన్నగారు నా భుజం పట్టుకున్నారు. కింద గూట్లో పిట్టపిల్లలు అరుస్తున్నాయి. తల్లి ఇంకా పైనే వెతుకుతోంది.