సాలూరు దగ్గర నేను చెడగొట్టిన గ్రహాంతరవాసి కథ

పోయిన నెల ఇక్కడ పాత నలుపు తెలుపు గ్రహాంతరవాసుల సినిమాల గురించి రాస్తే చాలామంది ఒకటే అడిగారు. రబ్బరు తొడుగులో చెమటలు కక్కే మనిషిని, దారం కట్టి వేలాడదీసిన ఎగిరే పళ్ళేన్ని చూడటానికి నీకంత పిచ్చేమిటని. నిజం చెప్పనా? ఆ పిచ్చి నాకు అంటించింది సినిమా కాదు, సామ్యేలు మాస్టారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఎనభై దాటాయి. ఏటా చర్చి కోత పండుగకి ఆయన చెప్పే గ్రహాంతరవాసి కథని ఆయన గొంతులో ఒక్కసారైనా రికార్డు చేసుకోవాలని, ఆ పండుగ ఆదివారం చూసుకుని బయల్దేరాను.

విశాఖలో ఆరింటి ప్యాసింజరు ఎక్కితే ఏడుంపావుకల్లా విజయనగరం. టికెట్టు పదిహేను రూపాయలు. ఆర్టీసీ కాంప్లెక్సు బయట బండి మీద ఇడ్లీ తిని, గజపతినగరం, రామభద్రపురం మీదుగా వెళ్ళే సాలూరు బస్సు ఎక్కాను. యాభై రూపాయల లోపే, రెండు గంటల ప్రయాణం. రామభద్రపురం దాటాక కొండలు దగ్గరవుతాయి, ఎదురొచ్చే లారీలూ ఎక్కువవుతాయి. కిటికీ పక్క సీటు దొరికింది కదా అని దారంతా మాస్టారి కథకి మూలమైన ఆ సినిమానే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆ ఊరి చర్చికి మిషనరీ దొరలు వదిలి వెళ్ళిన ప్రొజెక్టరు ఒకటి, ఒకే ఒక్క కథా చిత్రం ఉండేవి. గోధుమ చేలో ఎగిరే పళ్ళెం దిగుతుంది, అందులోంచి పెద్ద తలకాయవాడు బయటికొస్తాడు, ఊరు ఊరంతా తుపాకులు పట్టుకుని పరిగెడుతుంది. చూసేవాళ్ళకి ఇంగ్లీషు రాదు. అందుకని ఏటా కోత పండుగ భోజనాలయ్యాక, కిటికీలకి దుప్పట్లు కట్టిన హాల్లో మాస్టారు తెర పక్కన నిలబడి మా యాసలో కథ చెప్పేవారు. చివరి రీలు డబ్బాలో మొదటినుంచీ లేదు. తెర తెల్లబడ్డాక ముగింపు ఆయనే అల్లేవారు. ఓ ముసలమ్మ ఆ పెద్ద తలకాయవాడికి గిన్నెడు చోడి అంబలి, అదే రాగి జావ, ఇస్తుంది. తొడుగు విప్పితే వాడికి ఊపిరాడదు, తాగలేడు. గిన్నెతో సహా పట్టుకుపోతాడు. ఇరుగుపొరుగు వాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, మరి వాడు ఏం వేసి తెస్తాడు? ఆ ప్రశ్న జనానికి వదిలేసేవారు. వాన అని ఒకరు, కరెంటని ఒకరు, ఊళ్ళోకి బస్సని ఒకరు. ప్రొజెక్టరు బల్బు కాలిపోయాక కూడా తెర లేకుండానే ఏటా ఆ కథ నడిచింది. 2013లో నాకు నెట్‌లో ఆ సినిమా పూర్తిగా దొరికింది. నేనెంత మురిసిపోయానో! లాప్‌టాప్ పట్టుకెళ్ళి మాస్టారికి చూపించాను, చివరి రీలుతో సహా. పెద్ద బహుమానం ఇచ్చాననుకుని తిరిగొచ్చాను.

సాలూరులో దిగితే ఊరికి ఏడు కిలోమీటర్లు, షేరాటో ఇరవై రూపాయలు. డ్రైవరుకి ముప్ఫై ఏళ్ళుంటాయి. "మాస్టారి కథ వినడానికొచ్చాను" అన్నాను గొప్పగా.

"ఇంకెక్కడి కథమ్మా! రెండేళ్ళయింది ఆపీసి. వైజాగు నుంచి ఎవలో వచ్చి అసలు సినిమా సూపించీసినారంట. ఆ తరవాత ఎంతమంది అడిగినా నోరిప్పట్లేదు. ఆవిడెవలో గాని, మా పండగంతా సప్పగా సేసీసింది."

ఆ ఆవిడ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి తిరిగిపోదామా అని కూడా అనిపించింది.

చర్చి ముందు షామియానా కింద కానుకల వేలం జరుగుతోంది. చోళ్ళ బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, రెండు కోళ్ళు. మాస్టారు ఓ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. ఆయన భార్య కరుణమ్మ గారు నన్ను చూసి "ఏటే పాపా, ఇలా సిక్కిపోయినావు? ముందు కూకుని తిను" అని ఆకు వేయించారు. భోజనం సగంలో ఉండగానే అడిగేశాను. "మాస్టారూ, కథ ఎందుకు ఆపేశారు?"

"ఆపక ఏటి సేత్తానమ్మా? సర్చి గుమ్మంలో నిలబడి నలభై ఏళ్ళు అబద్ధం సెప్పీసినాను. ఆ రీల్లో అలాగే ఉంటాదని నిజంగానే అనుకున్నాను. నువ్వు సూపించేవరకూ తెలీనేలేదు."

"అబద్ధం కాదు మాస్టారూ. మీ ముగింపే బాగుండేది. ఒక్కసారి చెప్పండి, నాకోసం."

ఆయన కుర్చీ నావైపు జరుపుకున్నారు. "నువ్వింత దూరం వచ్చినావు. సరే, సెప్తాను" అన్నారు. వేలం దగ్గరున్న వాళ్ళు కూడా కుర్చీలు లాక్కుని వచ్చేశారు. నేను ఫోనులో రికార్డు నొక్కాను. కథ మొదలైంది. కానీ అది మా యాసలో లేదు. బడిలో వాచకం చదివినట్టు, ఒక్కో మాటా తూచి పలికారు. పళ్ళెం దిగింది, మనుషులు పరిగెత్తారు, అంతా సినిమాలో ఉన్నట్టే. చివరికి, "సైనికులు కాల్పులు జరిపారు. ఆ వచ్చినవాడు పొలంలోనే మరణించాడు. కథ సమాప్తం" అన్నారు.

"ముసలమ్మేది మాస్టారూ?" అని ఎవరో ఆడమనిషి అడిగింది.

"ముసలమ్మ లేదమ్మా సినిమాలో." ఆయన నావైపు తిరిగారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. పలక చూపించి దిద్దమనే పిల్లాడిలా అడిగారు. "ఈసారి తప్పుల్లేవు కదా పాపా?"

లేవు అన్నాను. నిజంగానే ఒక్కటీ లేదు.

సాలూరులో సాయంత్రం అయిదింటి బస్సులో వస్తూ ఆ రికార్డింగు వినబోయి ఆపేశాను. ఆ సినిమాలు అరవై ఏళ్ళు దాటుతున్నా ఎందుకు బతికున్నాయో ఎన్నో పోస్టుల్లో రాశాను, బొమ్మలు పెట్టి మరీ. ముక్కూ మొహం తెలియనివాడు గుమ్మంలోకి వస్తే మనమేం చేస్తాం అన్న ప్రశ్న వాటిలో ఉంది, అందుకే బతికాయి. దానికి ఈ ఊరు ఏటా ఓ జవాబు చెప్పుకునేది. అన్నీ తెలిసినదాన్నని వెళ్ళి దాన్ని నేను తప్పని కొట్టేశాను. క్షమించమని మాస్టారిని అడిగితే, "నిజం సెప్పినావు, తప్పేటమ్మా?" అన్నారు. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

ఇలాంటి కథల కోసం వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. పెద్దవాళ్ళు పాత సినిమా కథ చెబుతుంటే ముందు రికార్డు నొక్కండి, అసలు సినిమా వెతుక్కోవడం ఇంటికొచ్చాక, మీ మట్టుకు మీరే. నేను ముందు వెతికాను.