అనసూయ మోకాలు, నా ఒక్క వరుస ఆదేశం

నా భార్య మోకాల్లోని ఎముకలన్నింటినీ ఒక్క ఆదేశంతో మాయం చేసిన ఘనుణ్ణి నేను. కత్తి పట్టలేదు, మత్తుమందు ఇవ్వలేదు. మొఘల్‌పురాలో మా ఇంటి వసారాలో కూర్చుని, టీ తాగుతూ చేశాను. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు మంచినీళ్లు పక్కన పెట్టుకుని చదవండి.

అనసూయ కుడి మోకాలు ఏడాదిగా సతాయిస్తోంది. స్కానింగ్ చూసిన సర్జను ఆపరేషన్ అన్నాడు. గురువారం ఖాళీ ఉందట, అవునో కాదో ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలన్నాడు. కోత అంటే అనసూయకు ప్రాణభయం. ఆమె తమ్ముడి కూతురు లావణ్య వరంగల్‌లో ఎముకల డాక్టరు. "మా లావణ్య చూసి చెప్తెనే కోయించుకుంట. లేకుంటే గిట్లనే కుంటుకుంట తిరుగుత" అని ఈమె తేల్చేసింది.

స్కానింగ్ సెంటర్ ఇచ్చిన సీడీలోని ఫైళ్లను లాప్‌టాప్‌లోకి ఎక్కించి, మచ్చుకు ఒకటి లావణ్యకు పంపాను. అది ఆమె ఫోన్‌లో తెరుచుకోలేదు. స్కాన్ అంటే ఒక్క బొమ్మ కాదు. మోకాలిని బ్రెడ్డులా పలచగా కోసినట్టు నూట ఎనభై ముక్కలు, ముక్కకో ఫైలు. చోటు కలిసొస్తుందని వాటిని ట్రంకుపెట్టెలో బొంతల్లా కుక్కి ఉంచుతారట. ఆ మడతలు విప్పడానికి ఒక ఆదేశం పంపి, లావణ్య ఫోన్ చేసింది.

"మామా, లాప్‌టాప్‌ల ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ తెరిచి, నేను పంపింది అట్లనే కొట్టు. విప్పినవి నాకు పంపు. ఇంకేం చెయ్యకు."

కొట్టాను. నూట ఎనభై ఫైళ్లూ బుద్ధిగా విచ్చుకున్నాయి. తెలివైనవాడు అక్కడ ఆగుతాడు. నేను ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లు రికార్డులు సర్దినవాణ్ణి. తీరిక లేని డాక్టరుకు ఈ వింత ఫైళ్లెందుకు, మామూలు ఫోటోలుగా మార్చి పంపుదామనుకున్నాను. కంప్యూటర్ పుస్తకమొకటి చూసి ఒక వరుస ఆదేశం రాశాను: ఒక్కో ఫైలు తీసుకో, ఫోటోగా మార్చు, ఈ పేరుతో దాచు.

పేరు దగ్గర నా డైరీ బుద్ధి అడ్డొచ్చింది. నలభై ఏళ్లుగా డైరీలో ఒక విషయానికి ఒకే శీర్షిక పెడుతున్నాను. ఇక్కడా అంతే, 'అనసూయ కుడి మోకాలు' అని ఒకే పేరు పెట్టాను. కంప్యూటర్ నన్నొక్క మాట అడగలేదు. మొదటి ముక్కను ఆ పేరుతో దాచింది, దాన్ని చెరిపి రెండోది దాచింది, దాన్ని చెరిపి మూడోది. చివరికి ఒక్క ఫైలు కనిపిస్తే, నూట ఎనభై బొమ్మలూ అందులోనే వరుసగా ఉన్నాయనుకుని మురిసిపోయాను.

అంతటితో ఆగానా? డైరీలో చిత్తు రాసి, సాపు చేశాక చిత్తును చింపేయడం నా పద్ధతి. అసలు ఫైళ్లన్నీ చిత్తే కదా అని నల్ల కిటికీలోనే తుడిచేశాను. అక్కడ తుడిస్తే చెత్తబుట్టలోకి కూడా పోవని తర్వాత తెలిసింది. సీడీ కూడా చిత్తు కిందికే వచ్చింది. దానికి దారం కట్టి, పావురాలు బెదరాలని బాల్కనీలో వేలాడదీశాను. సాపు ప్రతిని లావణ్యకు పంపి రెండో టీ అడిగాను.

మూడింటికి ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాను. అది ఇంకో తప్పు.

"మామా, గీ మోకాల్ల బొక్కనే లేదు."

అనసూయ కప్పు కింద పెట్టి మోకాలి ఎముకను తడుముకుంది. "బొక్క గూడ అరిగిపోయిందా బిడ్డా? మరి నిన్న సబ్జీ మండికి ఎట్ల నడిచి పోయిన?"

లావణ్య నవ్వాపుకోలేక చెప్పిందేమిటంటే, నేను పంపింది నూట ఎనభయ్యో ముక్క మాత్రమే. అది మోకాలి చిట్టచివరి అంచు. అందులో చర్మం, కాస్త కొవ్వు తప్ప మరేమీ ఉండదు.

బాల్కనీలోకి పరుగెత్తాను. గాలికి గోడను కొట్టుకుని కొట్టుకుని సీడీ మీద అట్లకాడతో గీకినట్టు చారలు. లాప్‌టాప్ దాన్ని మింగి, గరగరమని, కక్కేసింది. ఆటో పట్టుకుని చార్మినార్ దగ్గరి స్కానింగ్ సెంటర్‌కు పోయాను. కౌంటర్‌లో ఉన్న ఫారూఖ్ నాకు తెలిసినవాడే.

"నిన్ననే సీడీ ఇచ్చిన గదా సాబ్, ఏమైంది?"

"పావురాలకు కట్టిన భాయ్."

అతను నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "క్యా సాబ్, పావురాలకు గూడ మోకాళ్ల నొప్పులా?"

వరుసలో ఉన్న నొప్పులవాళ్లంతా నొప్పులు మరిచిపోయి నవ్వారు. ఇంకో సీడీ చేతికొచ్చేసరికి నాలుగు దాటింది. ఇంటికొచ్చి ఎక్కించి, విప్పి, నూట ఎనభై లెక్కపెట్టి, వేరే ఏ మీటా ముట్టకుండా పంపాను. అనసూయ గోడ గడియారం కింద కూర్చుని మోకాలు పట్టుకునే ఉంది. ఐదుకు ఏడు నిమిషాలుందనగా లావణ్య ఫోన్ చేసింది.

"అత్తా, ఇప్పుడైతే ఆపరేషన్ అక్కర లేదు. ఫికర్ చెయ్యకు, సర్జన్‌కు నేనే చెప్త."

అనసూయ కొంగుతో కళ్లొత్తుకుంది. నేనూ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఆ వెంటనే ఆమె ఫోన్‌కు మందుల చీటీ వచ్చింది. ఒకటి, రోజూ రెండు పూటలా కాళ్ల కసరత్తు. రెండు, వేడి కాపడం. మూడు, మామకు కంప్యూటర్ బంద్.

మొదటి రెండూ అనసూయ అప్పుడప్పుడు మరిచిపోతుంది. మూడోది ఇంతవరకు ఒక్క పూట కూడా తప్పలేదు.

కనుక పాఠకుల సమక్షంలో, తూర్పు ముఖంగా కూర్చుని ప్రమాణం చేస్తున్నాను: సాపు ప్రతిని అడిగినవాళ్లు కళ్లారా చూసి బాగుందనేదాకా చిత్తును చింపను, తుడవను, పావురాలకు చూపను. ఇది చదివి సాక్షి సంతకం పెట్టమని అనసూయకు ఇచ్చాను. సంతకం పెట్టింది. దాని పక్కన 'చూద్దాం' అని కూడా రాసింది.