చిలికా చుట్టూ తిరిగిన దారి

పోయిన ఏడాది ఓ మధ్యాహ్నం, పలాసలో మా జీడిపప్పు కొట్టులో ఉండగా హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. డయాలసిస్‌తో నెట్టుకొస్తున్న మా ఆయనకి కిడ్నీ దొరికిందట, రాత్రికల్లా రమ్మన్నారు. వైజాగ్‌ కంటే భువనేశ్వర్ నుంచి విమానం టికెట్ చవక. చవక అని వింటే నాకు కాళ్లాగవు. ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఫోన్‌లో చూసి, పలాస మధ్యలోనే ఉంది కదా అని దాన్ని సగం చేసి, భువనేశ్వర్ టికెట్లు కొనేశాను.

"అది ఇమానం ఎగిరే దూరమమ్మా. రోడ్డు సిలకా సరస్సు సుట్టూ తిరగాల," అన్నాడు, నా లెక్క విన్న బాడుగ కారు డ్రైవర్.

"దూరం పెంచి బాడుగ పెంచుదామనేటి? నానూ కొట్లో పుట్టినదాన్నే!" అని కసిరాను.

చిలికా పక్కన పొద్దు వాలిపోతోంది గానీ దారి తరగడం లేదు. "బాబ్బాబు, ఎంతడిగితే అంత ఇత్తాను, బేగి పోనీ!" అని ఏడ్చాను.

"డబ్బులిత్తే రోడ్డు తగ్గిపోద్దేటమ్మా?" అన్నాడతను.

మేం చేరేసరికి విమానం వెళ్లిపోయింది. ఆ కిడ్నీని జాబితాలో మా తర్వాత పేరున్నవాళ్లకి ఇచ్చారు. "ఏడవకే, ఎవులో ఒకలు బతుకుతారు గదా," అన్నారు మా ఆయన నా చెయ్యి పట్టుకుని.

ఆయనకింకా డయాలసిస్ నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఫోన్ మోగితే, ఎవరో చూడకముందే నేను చెప్పులు వేసుకుంటున్నాను.