మోడల్లో చేరిన మునిరత్నం అన్న టీ

మురుగునీటిని వడకట్టే ఫిల్టర్ పన్నెండు రోజుల్లో పూడిపోతుందని నా కంప్యూటర్ మోడల్ వారంగా మొండికేస్తోంది. తిరుపతి శివార్లలోని ప్లాంటులో అది నెలయినా పూడలేదు. రేపే ప్లాంటు సారు ముందు ప్రాజెక్టు రివ్యూ. ఈ రోజు వెళ్లి ఆపరేటర్ మునిరత్నం అన్నను అడిగాను.

"పంపు ఆగనే ఆగదని రిజిస్టరులో రాసినావు కదన్నా?"

"టీకి పోతే ఆపేస్తామ్మా. ఫిల్టర్ కింద నుంచి గాలి మాత్రం వస్తానే ఉంటాది. సారుకు సెప్పొద్దు తల్లీ."

"టీకి ఎంతసేపు?"

"తాగేది అయిదు నిమిషాలే. మాట్లాడేది ముప్పావు గంట."

పంపు నీటిని లాగని ఆ ముప్పావు గంటలోనే గాలిబుడగలు ఫిల్టర్‌ను శుభ్రం చేస్తున్నాయి. సాయంత్రం కూర్చుని, అన్న రోజూ తాగే మూడు టీలనూ మోడల్లో చేర్చాను. లెక్క సరిపోయింది.

రేపు మోడల్లో పంపు ఎందుకు ఆగిందని సారు అడుగుతారు. అన్న మీదికి మాట రాకుండా ఆ విరామానికి ఏదైనా శాస్త్రీయమైన పేరు చెప్పండి.