తెల్ల పట్టు చీర నడిచిన సాయంత్రం

అక్కను తన పెళ్లి చీరలోనే సమాధి చేశామని నేను చాలాకాలం నమ్మాను.

మా క్రైస్తవుల ఇళ్లల్లో పెళ్లికూతురు తెల్ల చీర కట్టుకుంటుంది. అమ్మ కొన్న తెల్ల పట్టు చీర కొంగు మీద అక్క తన చేత్తోనే వెండి దారంతో ద్రాక్ష గుత్తులు కుట్టుకుంది. చివరి గుత్తి దగ్గరికి వచ్చేసరికి దారం అయిపోయింది. బజారంతా తిరిగినా అదే రంగు దొరకలేదు. కొంచెం పసుపు తిరిగిన దారంతో ఆ ఒక్క గుత్తీ ముగించి, "కొంగు చివర ఎవరు చూస్తరే?" అని నవ్వింది. పెళ్లయి ఏడాది తిరగకముందే జ్వరం వచ్చి, అది మెదడుకెక్కి, అమ్మ నర్సుగా పనిచేసే దవాఖానలోనే పోయింది.

అక్కకు చీర కట్టేటప్పుడు అమ్మ బావతో సహా అందరినీ గదిలోంచి బయటికి పంపేసింది. మళ్లీ తలుపు తెరిచేసరికి అక్క పెట్టెలో ఉంది. ఒంటి మీద తెల్ల చీర, మెడ దాకా పూలు. కొంగు కనబడలేదు. పెళ్లి చీరతోనే సాగనంపడం మా వాళ్లలో వాడుక కాబట్టి నేనేమీ అడగలేదు. తర్వాత్తర్వాత, అక్క కుట్టుకున్న గుత్తులు అక్క దగ్గరే ఉన్నాయన్న ఊహ నాకు కాస్త ఊరటగా ఉండేది.

అప్పుడప్పుడే హైటెక్ సిటీలో అద్దాల భవనం లేచింది. చుట్టూ ఇంకా బండరాళ్లే. మాదాపూర్‌లో, అమెరికా డాక్టర్ల మాటలు హెడ్‌ఫోన్లలో విని టైపు చేసే ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. ఎవరో తెలియని రోగుల జబ్బుల్ని ఎవరో తెలియని గొంతులు పొద్దస్తమానం చెవిలో చెబుతూ ఉండేవి. నల్లగండ్లలో మా కిరాయి ఇల్లు. నాన్న ఎప్పుడో పోయాడు. అక్క కూడా పోయాక ఇక అమ్మా నేనే మిగిలాం.

ఆ చలికాలం మా ఆఫీసు దగ్గర ఒక కొత్త భవనంలో వారం రోజులు ఫ్యాషన్ షోలు పెట్టారు. డిజైనర్లు చాలామంది ఇక్కడి వాళ్లే. ఆఫీసుకు పాసులొచ్చాయి. నా పక్క సీట్లో కూర్చునే భీమవరం అమ్మాయి, "టీవీలో తప్ప ఎప్పుడూ చూళ్లేదండి, రండి, ఒక్కదాన్నే ఎలా వెళ్లను?" అని నన్ను వెంటబెట్టుకెళ్లింది.

హాల్లో సిమెంటు వాసన ఇంకా పోలేదు. పాట మొదలైతే కుర్చీ కింద నేల అదిరేది. పోచంపల్లి బట్టతో కోట్లు, గద్వాల అంచులతో పొడుగు గౌన్లు వచ్చి వెళ్తున్నాయి. భీమవరం అమ్మాయి ప్రతిదానికీ నా మోచెయ్యి పట్టుకుని మురిసిపోతోంది. నాకూ సరదాగానే ఉంది.

అంతలో పాట ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో తెల్ల గౌను వేసుకున్న ఒక అమ్మాయి నడిచి వచ్చింది. మా వెనక ఎవరో, "ఏందిది, గింత తెల్లగ?" అని గొణిగారు. ఆ అమ్మాయి చివరిదాకా వచ్చి నిలబడి, ఎవరినీ చూడని కళ్లతో మా తలల మీదుగా చూసి, వెనక్కి తిరిగింది. వీపు మీద భుజాల నుంచి కిందిదాకా వెండి ద్రాక్ష గుత్తులు వేలాడుతున్నాయి. అన్నిటికన్నా కింద ఉన్న గుత్తి లైట్ల వెలుగులో పసుపుగా మెరిసింది.

నాకు మొదట తోచింది ఒక్కటే. ఎవరో సమాధి తవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే పిచ్చి ఆలోచన అనిపిస్తుంది గానీ, ఆ క్షణంలో నాకు మట్టి వాసన కూడా వచ్చింది. "ఏమైందండీ?" అని భీమవరం అమ్మాయి అడుగుతుండగానే లేచి వేదిక వెనక్కి వెళ్లాను.

ఆ గౌను కుట్టిన డిజైనర్ నాకన్నా కాస్త పెద్దది. ముంజేతికి గుండుసూదుల దిండు కట్టుకుని హడావిడిగా ఉంది. ఆ బట్ట ఎక్కడిదని అడిగితే ముఖం వెలిగిపోయింది.

"పాత చీరండీ అది. మా అమ్మగారికి ఆపరేషన్ అయినప్పుడు వార్డులో ఓ నర్సమ్మగారు బాగా చూసుకున్నారు. నేను పాత చీరలతో బట్టలు కుడతానని తెలిసి, మేం ఇంటికి వెళ్లిపోయే రోజు ఈ చీర తెచ్చి నా చేతిలో పెట్టారు. 'దీంట్ల ఎవరన్న నడవాలె' అన్నారు, అంతే. ఎవరిదని అడిగినా చెప్పలేదు. కొంగు కత్తిరించడానికి నాకు చెయ్యి రాలేదండీ. అందుకే మొత్తం వీపు మీదికి తెచ్చాను."

ఏ ఆసుపత్రి అని అడిగాను. అమ్మ పనిచేసేదే.

"అయ్యో, ముందు కూర్చోండి," అందామె. కూర్చోలేదు. గౌనును ముట్టుకోవాలని కూడా అనిపించలేదు.

అమ్మ నైట్ డ్యూటీ నుంచి తెల్లారి వచ్చింది. టీ గ్లాసు చేతికిచ్చి అడిగాను.

"అమ్మా, అక్కకు కట్టింది ఏ చీర?"

అమ్మ గ్లాసు కింద పెట్టి, "నాది. నా పెండ్లి చీర," అంది.

"మరి అక్కది?"

"భూమిల పెట్టబుద్ధి కాలే బిడ్డా. కండ్లు గుంజంగ కుట్టుకున్నది. ట్రంకుల దాసిన. దాసినంక ఇగ ఒకటే పరేషాన్. ట్రంకు దిక్కు చూస్తే అండ్ల మీ అక్కనే పండుకున్నట్టు అనిపిస్తుండె. మూత తెరువలేను, తెరువకుంట ఉండలేను. ఇంట్ల ఉంచుకునుడు నాతోని కాలే."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు నిద్ర పడుతుండె. నాకు పడకపాయె. నీ నిద్ర గూడ ఎందుకు చెడగొట్టాలె?"

ఆ చీరతో కుట్టిన గౌనును ఫ్యాషన్ షోలో చూశానని చెప్పాను. వెంటనే అమ్మ అడిగింది, "నడిచిందా?"

"నడిచింది."

"ఎట్ల?"

లేచి, వీధి తలుపు దగ్గర నుంచి వంటింటి గడప దాకా ఆ అమ్మాయి నడిచినట్టే నడిచి, నిలబడి, వెనక్కి తిరిగాను. నా వెనక అమ్మ ఊపిరి గట్టిగా పీల్చుకోవడం వినబడింది. కొంచెం ఆగి, "ఇంకోసారి నడువ్, జర మెల్లగ," అంది.

చివరి రోజు సాయంత్రం ఆ గౌను మళ్లీ వస్తుందని డిజైనర్ చెప్పింది. అమ్మ డ్యూటీ మార్చుకుని నాతో వచ్చింది. వెనక వరసలో కూర్చున్నాం. పాట ఆగింది, తెల్ల గౌను వచ్చింది. అమ్మ లేచి నిలబడింది. చర్చిలోకి పెళ్లికూతురు వస్తున్నప్పుడు అందరం అలాగే నిలబడతాం. వెనకవాళ్లు, "కూసోండమ్మా, కనిపిస్తలేదు," అన్నారు. అమ్మ కూర్చోలేదు. ఆ అమ్మాయి తెర వెనక్కి వెళ్లిపోయేదాకా నిలబడే ఉంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను.

డిజైనర్ గౌను తిరిగి ఇచ్చేస్తానంది. అమ్మ వద్దంది. తర్వాత దాన్ని ఎవరో పెళ్లికూతురు తీసుకుందని విన్నాం. ఆ అమ్మాయి ఎవరో అడగలేదు.

ఆ తర్వాత అమ్మకు నిద్ర పట్టసాగింది. నాకే పోయింది. అక్కను తలుచుకున్నప్పుడల్లా అమ్మ చీరలో ఉన్న మనిషి కళ్లముందు నిలుస్తుంది. ఆ చీరను నేనెప్పుడూ సరిగ్గా చూసి ఎరగను. అమ్మానాన్నల పెళ్లి ఫొటోలో అది వెలిసిపోయి, వెనక గోడలో కలిసిపోయి ఉంటుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, దానికి అంచు ఉండేదా, పువ్వులుండేవా అని.

అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"మరిచిన బిడ్డా," అంది.